మాస్టారి సన్మానం, మా బావ లాప్‌టాప్

వేదిక మీది పెద్దలకు, మాస్టారికి, వారి శ్రీమతి గారికి, ఇంత ఎండలో అరండల్‌పేట దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. మాస్టారి మంచితనం గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు కాబట్టి నేను ఇన్‌కమ్ ట్యాక్స్ గురించి మాట్లాడతాను. నవ్వకండి, సంబంధం ఉంది. జులై వచ్చిందంటే స్టాఫ్ రూములో మా అందరి ఫారం 16లూ, అంటే జీతమెంత, అందులో కోసిన ట్యాక్సెంత చూపే కాగితాలు, ముందేసుకుని రిటర్నులు వేసిపెట్టింది ఆయనే.

2020 జూన్‌లో ఆన్‌లైన్ క్లాసులన్నారు. లాప్‌టాప్ ఎవరిది వాళ్లే కొనుక్కోవాలన్నారు. మా బావకి పట్నం బజారులో కొట్టుంది. ఇద్దరం కలిసే వెళ్లి ఒకే మోడల్ కొన్నాం. నలభై అయిదు వేలు, పైన జీఎస్టీ. బిల్లు రాసే కుర్రాడు పేరడిగితే బావ కొట్టు పేరు, జీఎస్టీ నంబరు చెప్పాడు. నేను నా పేరు చెప్పాను. అంతే తేడా! కట్టిన 18 శాతం జీఎస్టీ బావకి ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే కొట్టు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వచ్చేసింది. కంప్యూటర్లకి తరుగుదల, అంటే వస్తువు పాతబడ్డందుకు ఖర్చు కింద రాసుకునేది, 40 శాతం కాబట్టి మొదటి ఏడే 18,000 లాభంలోంచి తీసేసుకున్నాడు. మిగిలిన దాని మీద మరుసటేడు మళ్లీ 40 శాతం. కొట్లో దాని మీద మా మేనల్లుడు గేములాడేవాడు, అది వేరే సంగతి. నేను పాఠాలు చెప్పడానికే కొన్నాను. చూపించుకుందామంటే నా ఫారంలో గడే లేదు.

మనకి స్టాండర్డ్ డిడక్షన్, అంటే బిల్లులు అడక్కుండా జీతంలోంచి తీసేసే మొత్తం, ఉంది కదా అంటారు. 2018లో దాన్ని 40,000గా మళ్లీ తెచ్చినప్పుడు ఏం జరిగిందో మాస్టారు బోర్డు మీద లెక్కేసి చూపించారు. రవాణా అలవెన్సు 19,200, వైద్య ఖర్చులు 15,000 మినహాయింపు తీసేశారు. నికరంగా పెరిగింది 5,800. అదే బడ్జెట్‌లో ట్యాక్సు మీద వేసే సెస్సు 3 నుంచి 4 శాతం చేశారు. ఇప్పుడు కొత్త ట్యాక్సు పద్ధతిలో 75,000 ఇస్తున్నారు, సంతోషమే. కానీ ఇంట్లోంచి పనిచేసేవాడికీ అంతే, రోజూ గుంటూరు నుంచి బెజవాడ బస్సులో వెళ్లొచ్చే మీకూ అంతే.

పన్నెండు లక్షల దాకా ట్యాక్సే లేదుగా అని వెనక నుంచి ఎవరో అంటున్నారు. అయ్యా, ఆ రిబేటు బావకీ ఉంది. కాకపోతే ఆయన పన్నెండు లక్షలు కొట్టు అద్దె, గుమాస్తాల జీతాలు, కారు డీజిలు పోగా మిగిలింది. మన పన్నెండు లక్షలు ఆ 75,000 తప్ప ఏ ఖర్చూ పోకముందుది. ఆయన లాభం మీద కడతాడు, మనం రాబడి మీద కడతాం. మళ్లీ చెబుతున్నా, లాభం మీద ఆయన, రాబడి మీద మనం!

వ్యాపారస్తులు కోప్పడకండి. నష్టమొస్తే నీ జీతం ఆగుతుందా అని బావ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లి సర్దుకునే వీలు చట్టం ఇచ్చింది. ఆయన ఖర్చులు తగ్గించమని నేననడం లేదు. ఉద్యోగం కోసం పెట్టిన ఖర్చుని కూడా ఖర్చనమంటున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఒక్క నిమిషం. స్టాండర్డ్ డిడక్షన్ వద్దు, బిల్లులు చూపిస్తాం అనేవాళ్లకి ఆ అవకాశం ఇవ్వమని ఆర్థిక శాఖకి వినతిపత్రం రాశాం. భోజనాల దగ్గర బల్ల మీదుంది. సంతకం చేసే కూర్చోండి. పాన్ నంబరు అక్కర్లేదు, పేరూ ఊరూ చాలు.