ఏసీ ఔట్‌డోర్ యూనిట్ కడగడానికి ప్రెషర్ వాషర్ కొనాలా?

నమస్కారమండీ. టేబుల్ మీద మూడున్నాయి. బైకులు కడిగే ప్రెషర్ వాషర్, ఫోమ్ కాయిల్ క్లీనర్ డబ్బా, మొక్కలకు నీళ్లు పట్టే మామూలు పైపు. స్ప్లిట్ ఏసీ ఔట్‌డోర్ యూనిట్‌కి ఏది పనికొస్తుందో చూద్దాం.

ముందు యూనిట్ వెనకవైపు చూడండి. చాలామంది ఫ్యాన్ జాలీ తుడిచి అయిపోయిందనుకుంటారు. గాలి పీల్చుకునేది వెనక నుంచీ పక్క నుంచీ అండీ. దుమ్ము, పావురాల ఈకలు పేరుకునేది అక్కడి కాయిల్ మీదే. అది పూడుకుపోతే వేడి బయటికి పోదు, గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ కరెంటు ఎక్కువ లాగి మే నెల మధ్యాహ్నం ట్రిప్ అవుతుంది. కూలింగ్ తగ్గగానే గ్యాస్ అయిపోయిందంటారు. పెట్రోలులా వాడితే అయిపోయేది కాదది, లీకైతేనే తగ్గుతుంది. గ్యాస్ పట్టించే ముందు కాయిల్ కడిగి చూడండి.

ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నా. కాయిల్ మీది ఈ అల్యూమినియం ఫిన్స్, అంటే పల్చటి రేకుల మందం 0.1 మిల్లీమీటరు అటూఇటూ. గోటితో నొక్కితేనే వంగింది, చూశారా? ఇళ్లలో వాడే ప్రెషర్ వాషర్లు చాలావరకు 100 బార్ ప్రెషర్ పైమాటే. దగ్గర నుంచి కొడితే ఫిన్స్ వరసగా వాలిపోయి, గాలి దారే మూసుకుపోతుంది. ఈ పని కోసం దాన్ని కొనకండి.

ఫోమ్ డబ్బా వంటింటి ఎగ్జాస్ట్ పక్కనున్న యూనిట్‌కి, అంటే జిడ్డు పట్టిన కాయిల్‌కి బాగుంటుంది. ఉత్త దుమ్ముకైతే డబ్బు దండగ. యాసిడ్ ఉన్నది మాత్రం అస్సలు వద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

నా ఓటు పైపుకే. రిమోట్‌తో ఆపితే చాలదు, ఏసీకి కరెంటిచ్చే ఎంసీబీ స్విచ్ దించండి. మెత్తటి బ్రష్‌తో ఫిన్స్ వెంట నిలువుగా దులపండి, అడ్డంగా లాగితే వంగుతాయి. తర్వాత షవర్ ధారతో, కాయిల్‌కి తిన్నగా, పై నుంచి కిందికి, కింద మురికినీళ్లు ఆగేదాకా. వైర్లు, వాల్వులు ఉన్న వైపు నీళ్లు కొట్టొద్దు. గంటసేపు ఆరనిచ్చి ఎంసీబీ ఎత్తండి. వైజాగ్ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పు పేరుకుంటుంది కాబట్టి ఇంకాస్త తరచుగా కడగాలి, ఉప్పు బోరునీళ్లు కాకుండా మంచినీళ్లతో.

పై కవర్ విప్పకండి. కరెంటు తీసేసినా లోపలి కెపాసిటర్‌లో చార్జ్ మిగిలుంటుంది. యూనిట్ గోడకి వేలాడుతుంటే బాల్కనీ మీంచి వంగొద్దు, మెకానిక్‌ని పిలవండి. ఆయన జెట్ పంపు తెస్తే ప్రెషర్ తగ్గించి, దూరం నుంచి, తిన్నగా కొట్టమనండి.