ఛార్జిషీట్ అందిన రోజు నుంచి యూనియన్ చేయాల్సిన పని

శ్రోతలకు నమస్కారం.

సభ్యుడికి కష్టం వస్తే యూనియన్ అండగా నిలుస్తుందని అందరం అంటాం. కానీ ఆ అండ నాయకుడి మంచితనం మీదే నడుస్తుంటే, నాయకుడు మారిన రోజున అదీ పోతుంది. ఏ సాయం, ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అన్నది నియమావళిలో రాసి ఉండాలి. సాయం పొందే షరతులు నియమాల్లో ఉండాలని 1926 నాటి కార్మిక సంఘాల చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది.

ముందు ఛార్జిషీట్ సంగతి, అంటే యాజమాన్యం ఉద్యోగిపై ఆరోపణలు రాసి ఇచ్చే కాగితం. భయంతోనో కోపంతోనో చాలామంది దాన్ని తీసుకోరు. దానివల్ల నష్టమే. పోస్టులో పంపి, నోటీసు బోర్డుకు అంటించి, అందినట్టే లెక్కగట్టి సంస్థలోనే ఎంక్వైరీ నడిపిస్తారు. కాబట్టి తీసుకోండి. "అందింది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. అంతకుమించి ఒక్క ముక్క రాయొద్దు. నకలు ఆ రోజే కార్యదర్శికి చేరాలి. జవాబుకు గడువు తరచూ కొద్ది రోజులే ఉంటుంది కనుక, రెండు రోజుల్లో సభ్యుడికి తోడుండే సహాయకుణ్ణి నియమించాలని నియమావళిలో పెట్టుకోవాలి. ఆరోపణలకు ఆధారమైన కాగితాలు ఇమ్మని, గడువు పెంచమని రాతపూర్వకంగా అడగడం ఆయన మొదటి పని. ఎంక్వైరీలో ఎవరు సహాయకుడిగా కూర్చోవచ్చో మీ సంస్థ స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే ఉద్యోగ షరతుల నియమాల్లో, ముందే చూసుకోండి.

ఎంక్వైరీకి వెళ్లకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీరు లేకుండానే, ముగించేస్తారు. వెళ్లినప్పుడు ఆ రోజు నమోదు చేసిన ప్రతి పేజీ చదివించుకుని, నకలు అడిగి తీసుకోవాలి. ఇంగ్లీషులో రాసింది అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకున్నాకే సంతకం. సాక్షిని ఎదురు ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వకపోతే, ఆ సంగతి ఆ రోజు రికార్డులోనే రాయించాలి. ఆ రోజు వదిలేసిన అభ్యంతరాన్ని తర్వాత పారిశ్రామిక వివాదాల విచారణలో నిలబెట్టడం చాలా కష్టం.

ఇక డబ్బు. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే చోట సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు జీతంలో సగం, ఆ తర్వాత, ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే, 75 శాతం జీవనభృతిగా ఇవ్వాలి. 18,000 జీతగాడికి మొదటి మూడు నెలలు నెలకు వచ్చేది 9,000. ఇంటద్దె, పిల్లల ఫీజు మాత్రం సగం కావు. 200 మంది సభ్యులున్న యూనియన్ నెలకు 50 రూపాయల చందా వసూలు చేస్తుందనుకోండి. 10,000 వస్తుంది. అందులో 30 శాతం సహాయనిధికి వేస్తే ఏడాదికి 36,000. నెలకు 3,000 చొప్పున మూడు నెలలు ఇస్తే నలుగురికి సరిపోతుంది. అయిదో మనిషి వస్తే? దరఖాస్తు వరస ప్రకారమా, ఉన్నది అందరికీ పంచడమా అన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే ఆ రోజు దగ్గరివాళ్లకే దక్కిందన్న మాట పుడుతుంది, ఆ మాటతో యూనియన్ చీలుతుంది.

సభ్యత్వం తీసుకుని ఆరు నెలలైనా అయి ఉండాలన్న షరతు సబబే. ఛార్జిషీట్ వచ్చాక చేరేవాళ్లకు నిధి తెరిస్తే ఏళ్ల తరబడి చందా కట్టినవాళ్లకు అన్యాయం. కానీ మూడు నెలల బకాయి ఉంటే సభ్యత్వం రద్దన్న నియమం చాలా చోట్ల ఉంటుంది. సస్పెండైనవాడు సగం జీతంతో చందా కట్టలేడు. సరిగ్గా ఎంక్వైరీ నడుస్తుండగా సభ్యత్వం పోతుంది, సాయమూ ఆగుతుంది. సస్పెన్షన్, సమ్మె, దీర్ఘకాల జబ్బు ఉన్న నెలలకు చందా మినహాయింపు అని ఒక్క వాక్యం చేర్చుకోండి.

అన్నిటికన్నా చిక్కైనది, ఇద్దరూ మన సభ్యులే అయినప్పుడు. ఒక మహిళా సభ్యురాలు తోటి సభ్యుడిపై లైంగిక వేధింపు ఫిర్యాదు చేస్తే, "మనలో మనం మాట్లాడుకుందాం" అని నాయకులు రాజీకి దిగుతారు. ఇది చాలా తప్పు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు, ఇలాంటి ఫిర్యాదులు విచారించే సంస్థ అంతర్గత కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు చేరాలి. రాజీ మాటల్లోనే ఆ గడువు కరిగిపోతుంది. ఇద్దరికీ వేర్వేరు సహాయకుల్ని ఇవ్వాలి. ఒకరి కాగితాలు ఇంకొకరి సహాయకుడి కంటపడకూడదు. ఆరోపణ కార్యవర్గ సభ్యుడి మీదే అయితే, విచారణ ముగిసేదాకా ఆయన సహాయనిధి చెక్కులపై సంతకం చేయకూడదని, ఆ సమావేశాల్లో కూర్చోకూడదని నియమం ఉండాలి. వచ్చే జనరల్ బాడీ అజెండాలో ఈ సవరణలు చేర్చమని సభ్యులు కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.

నమస్కారం.