చాద్ సరస్సు అలుగు ఎటు పారుతుంది?

అందరికీ నమస్కారం.

తెర మీద మీరు చూస్తున్న నల్లటి కొండ పేరు ఎమీ కూసీ. ఆఫ్రికాలోని చాద్ దేశం ఉత్తర భాగాన, తిబెస్తి పర్వతాల్లో ఉంది. 3,400 మీటర్లు దాటిన అగ్నిపర్వతం. సహారాలో ఇంతకన్నా ఎత్తయిన శిఖరం లేదు. నెత్తిన ఉన్న బిలం వెడల్పే 10 కిలోమీటర్లు దాటుతుంది. అందులో మళ్లీ ఇంకో గుంట, అడుగున తెల్లగా పేరుకున్న సోడా ఉప్పు.

మనుషులు అరుదుగా వెళ్లే ఈ చోట ఎత్తులు కొలిచి ఏం లాభం? మన గొలుసుకట్టు చెరువులు గుర్తు తెచ్చుకోండి. పై చెరువు అలుగు పారితే నీళ్లు ఏ చెరువుకు చేరతాయో లెవెల్ చూస్తేనే తెలుస్తుంది. చాద్ సరస్సు గురించీ ఒకప్పుడు ఇదే ప్రశ్న: అది పొంగితే నీళ్లు నైలు వైపు పోతాయా? 1869లో తిబెస్తికి వెళ్లిన జర్మన్ వైద్యుడు గుస్టావ్ నాఖ్తిగాల్ అక్కడి బార్దాయ్ అనే ఊరి నుంచి ప్రాణాలతో బయటపడటమే గొప్ప. తర్వాత ఫ్రెంచ్ అధికారి జాన్ తిలో 1912 నుంచి 1917 దాకా ఆ ప్రాంతమంతా తిరిగి కొలిచాడు. తిబెస్తికి దక్షిణాన ఉన్న బోదెలే పల్లం సరస్సు కంటే 100 మీటర్లకు పైగా దిగువన ఉంది. తూర్పున ఎన్నెది ఎత్తులు అడ్డం. అంటే ఆ అలుగు పారేది ఎడారిలోకే! దాదాపు 500 కిలోమీటర్ల దూరానికి అంత కొంచెం వాలు. నిలబడి చూస్తే అంతా చదునే. ఎత్తులు కొలిచే ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే అంతరిక్ష నౌక 11 రోజుల్లో భూమి మీది నేలలో 80 శాతాన్ని రాడార్‌తో కొలిచింది. అయినా సహారాలో ఖాళీలు మిగిలాయి. నున్నటి పొడి ఇసుక మీద పడ్డ సిగ్నల్ సరిగ్గా తిరిగి రాదు. నిట్టనిలువు గోడల వెనక రాడార్ నీడ పడుతుంది. ఆ ఖాళీలను తర్వాత ఉపగ్రహాల కొలతలతో పూడ్చారు.

పేర్లు మాత్రం ఏ ఉపగ్రహమూ ఇవ్వదు. తిబెస్తిలో ఉండే తెదా ప్రజల భాషలో ‘ఎమీ’ అంటే కొండ, ‘ఎన్నెరి’ అంటే వాగు. లిబియాతో యుద్ధం నాటి మందుపాతరలు తిబెస్తిలో ఇంకా ఉన్నాయి. అక్కడ నేల మీద నడిచి మ్యాప్ సరిచూడాలంటే, ముందు ఏ ఎన్నెరిలో అడుగు పెట్టొచ్చో తెదా వాళ్లనే అడగాలి.