తేట నీరంతా మంచి నీరేనా? నదీస్నానం, ఈతపై శ్రోతల ప్రశ్నలు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. దసరా సెలవులు మొదలయ్యాయి, వెనకే కార్తీక స్నానాలు వస్తున్నాయి. మన నగరాల పక్కన పారే నదుల్లో నీరు ఎంత శుభ్రంగా ఉంది, అందులో ఈదవచ్చా అన్న విషయంపై ఈరోజు ఫోన్-ఇన్. వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన డాక్టరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను రాజమహేంద్రవరం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (రాజమహేంద్రవరం): నమస్కారం డాక్టరు గారూ. మా అమ్మాయికి ఏడో నెల. పురిటికి తీసుకొచ్చాం. కార్తీకంలో గోదావరి స్నానం చేస్తానని పట్టుబడుతోంది. చేయించవచ్చా?

డాక్టర్: వద్దమ్మా. కామెర్లు తెచ్చే వైరస్‌లలో హెపటైటిస్-ఇ అని ఒకటి ఉంది. మురుగు కలిసిన నీరు నోట్లోకి పోతే వస్తుంది. మిగిలినవాళ్లకు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది.

శ్రోత: పారే నీరు కదండీ, గోదారి తల్లి...

డాక్టర్: పారే నీరు మురుగును కూడా వెంటబెట్టుకునే పారుతుందమ్మా. కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో తలస్నానం చేయించండి. రేవుకు వెళ్లి దీపం వదిలి, దణ్ణం పెట్టుకుని రమ్మనండి. అమ్మాయికి సుఖప్రసవం కావాలి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాత విజయవాడ నుంచి. హలో?

శ్రోత (విజయవాడ): హలో... వినపడుతోందా అండీ?

వ్యాఖ్యాత: వినపడుతోంది. మీ రేడియో కొంచెం తగ్గించి మాట్లాడండి.

శ్రోత: ఆ, తగ్గించాను. నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యానమ్మా. 74 ఏళ్లు. పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లోనే. ఈత కృష్ణలోనే నేర్చుకున్నాను. మా నాన్న నడుముకు మూడు జీలుగు బెండ్లు కట్టి నీళ్లలోకి తోసేవారు. వారానికి ఒకటి చొప్పున తీసేసేవారు. చివరిది తీసేసిన రోజు నాకు చెప్పలేదు. తాడు మాత్రం కట్టారు. సగం దూరం ఈదాక వెనక్కి చూస్తే బెండు ఆయన చేతిలో ఉంది. ఆ రోజు నుంచి నాకు నీళ్లంటే భయం లేదు.

డాక్టర్: మంచి తండ్రి. మీ ప్రశ్న ఏమిటి?

శ్రోత: అదే చెబుతున్నానమ్మా. మా మనవడికి పదేళ్లు. బెంగళూరులో ఉంటారు, సెలవులకు వచ్చాడు. అక్కడ ఈతకొలనులో నేర్చుకున్నాడు, బాగానే ఈదుతాడు. ఒక్కసారి కృష్ణలో ఈదించాలని నా కోరిక. మా కోడలు ససేమిరా వద్దంటోంది, ఆ నీళ్లు మురికివట. నిన్న పొద్దున నేనే రేవుకు వెళ్లి చూశాను. మోకాలి లోతు నీళ్లలో నిలబడితే కాలి వేళ్లు కనబడుతున్నాయి. చేపపిల్లలు వచ్చి వేళ్లను పొడుస్తున్నాయి. మురికి నీళ్లలో చేపలు బతుకుతాయా అండీ?

డాక్టర్: బతుకుతాయి. చేపకు కావలసింది నీటిలో కరిగిన ప్రాణవాయువు. అది ఉంటే చాలు. మనకు విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే క్రిములు చేపను ఏమీ చేయవు. చేప తిరుగుతున్నదంటే అక్కడ ఊపిరి ఆడుతున్నదని అర్థం. మీ మనవడు ఆ నీరు మింగవచ్చని కాదు.

శ్రోత: కానీ నీళ్లు తేటగా ఉన్నాయి కదమ్మా.

డాక్టర్: తేట వేరు, శుభ్రం వేరు. ఈ మాట నేను ఈ గంటలో పదిసార్లు చెబుతాను, విసుక్కోకండి. మా చిన్నప్పుడు మా అమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసేది. గంట తిరిగేసరికి మట్టి అడుక్కు చేరి నీరు అద్దంలా ఉండేది. కంటికి కనబడే మట్టి దిగింది, కనబడనిది చాలావరకు అక్కడే ఉంది. అందుకే ఆ నీటిని కాచిగాని మాకు ఇచ్చేది కాదు. ఉద్యోగంలో ఉండగా నేను రేవుల్లో నీరు పట్టేదాన్ని. వేడితో శుద్ధి చేసిన గాజుసీసాను జానెడు లోతుకు దించి, మూతి ప్రవాహానికి ఎదురుగా పెట్టి నింపాలి. మంచుపెట్టెలో పెట్టుకుని ఆ పూటే ప్రయోగశాలకు చేరాలి. అక్కడ గాజుగొట్టాల్లో వంగపండు రంగు ద్రవం ఉంటుంది, ప్రతి గొట్టంలో బోర్లించిన బుల్లి గొట్టం ఒకటి. అందులో ఈ నీరు కలిపి ఒంటి వేడిమికి రెండు రోజులు ఉంచుతాం. పేగుల్లో బతికే జాతి క్రిములు ఉంటే ఊదారంగు పసుపుగా మారి, లోపలి గొట్టంలో గాలిబుడగ నిలుస్తుంది. ఒకసారి ఒక ఊళ్లో నది నడిమధ్య నుంచి ఎర్రటి వరదనీరు, మెట్ల దగ్గర నుంచి తేట నీరు పట్టాను. ఎక్కువ గొట్టాలు పసుపెక్కింది మెట్ల దగ్గరి తేట నీటికే. పైన వంద గజాల దూరంలో ఒక మురుగు తూము ఉంది. మెట్ల మీద స్నానం చేసేవారికి అది కనబడదు.

శ్రోత: మా తాతగారు ఆ నీళ్లే తాగారమ్మా. 90 ఏళ్లు బతికారు.

డాక్టర్: సంతోషం. కలరాతో పదేళ్లకే పోయినవాళ్లకు మనవలు లేరు, ఫోను చేసి చెప్పడానికి. ఒక సంగతి అడుగుతాను. మీ చిన్నతనంలో మీ వీధిలో ఎన్ని ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులు ఉండేవి?

శ్రోత: ఎక్కడివమ్మా. అన్నీ పాతకాలపు దొడ్లే. పాకీవాళ్లు ఎత్తుకుపోయేవారు, పాపం.

డాక్టర్: ఆ పని మనిషితో చేయించడం ఘోరం, అది పోయి మంచిదయింది. కానీ ఆ మలం అప్పట్లో నదికి చేరింది తక్కువ. ఇప్పుడు ఇంటింటా ఫ్లష్ ఉంది. సెప్టిక్ ట్యాంకు నుంచి పొంగిన నీరు వీధి కాలువలోకి, అక్కడి నుంచి పెద్ద కాలువలోకి పోతుంది. 1961లో విజయవాడ జనాభా రెండు లక్షల పైచిలుకు. 2011 లెక్కలకే పది లక్షలు దాటింది. ఊరి మధ్య నుంచి మూడు సాగునీటి కాలువలు పోతున్నాయి, ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. వాటి గట్ల మీద నడిచి చూశారా ఈమధ్య?

శ్రోత: చూశానమ్మా. ముక్కు మూసుకోవాలి. మేం వాటిలోనూ ఈదాం.

డాక్టర్: నాకూ బాధగానే ఉంది.

వ్యాఖ్యాత: డాక్టరు గారూ, ఇంకా చాలామంది లైన్లో...

డాక్టర్: ఉండండి, ఈయన ప్రశ్న అందరిదీ. మనం కంటితో, ముక్కుతో నదిని కొలుస్తాం. ప్లాస్టిక్ సీసా తేలితే మురికి అంటాం, పూలదండ కుళ్లితే మురికి అంటాం. అవి తీసివేయగానే నది బాగుపడింది అనుకుంటాం. తీయాలి, తప్పకుండా తీయాలి. కానీ పిల్లవాడికి జబ్బు చేసేది పూలదండ కాదు. ఎగువన కలిసే మురుగు. దానికి ఒక్కోసారి వాసన కూడా ఉండదు. జనాన్ని తప్పుపట్టను. మన దేశంలో స్నానపు నీటికి ప్రమాణం ఉంది. వంద మిల్లీలీటర్లలో మలసంబంధ కోలిఫామ్‌లు, అంటే మలంతో నీటిలో చేరే పేగు క్రిములు, 500కు లోపు ఉండటం మంచిది, 2500 మించకూడదు. మన రేవుల్లో లోతు ఎంతో చెప్పే బోర్డు ఉంటుంది. ఈ అంకె చెప్పే బోర్డు మీరెక్కడైనా చూశారా?

శ్రోత: లేదమ్మా, నేనైతే చూడలేదు.

డాక్టర్: చెప్పేవాళ్లు లేకపోతే ఎవరైనా కళ్లనే నమ్ముతారు.

శ్రోత: నిజమేనమ్మా. అయితే ఈ ఆదివారం పిల్లవాణ్ణి దించవచ్చా?

డాక్టర్: అయ్యో, మళ్లీ మొదటికి వచ్చారు! మీ దగ్గర వాన ఎప్పుడు పడింది?

శ్రోత: మొన్న రాత్రి దంచికొట్టింది.

డాక్టర్: అయితే వద్దు. వాన పడితే ఊరి కాలువలన్నీ కడుక్కుని నదిలోకి వస్తాయి. కనీసం మూడు రోజులు ఎండ కాయాలి. ఎండ క్రిములను చంపుతుంది. ఆ తర్వాత మీ మనవణ్ణి తీసుకుని గట్టు వెంబడి ఎగువకు నడవండి. కిలోమీటరు నడవండి. తూము ఎక్కడ కలుస్తోంది, ఎవరు ఏం వదులుతున్నారు అని వాడి చేతే చూపించండి. ఊరి మురుగంతా దాటి పైకి వెళ్లాక, రోజూ దిగే జాలరులను అడిగి, ఇసుక తవ్విన గుంటలు లేని చోట దింపండి. ఇసుక గుంటలో మునిగిన పిల్లవాడికి నీరు శుభ్రమైతే ఏమిటి, కాకపోతే ఏమిటి? బ్యారేజీ దగ్గరకు అసలు వెళ్లకండి, గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియదు. ఒంటి మీద గాయం ఉండకూడదు. నోరు మూసుకుని ఈదాలి. బయటకు రాగానే మంచినీళ్లతో, సబ్బుతో స్నానం. ఆ తర్వాతే తిండి.

శ్రోత: బెండు కట్టమంటారా?

డాక్టర్: లైఫ్ జాకెట్ కట్టండి. దాని కింద మీ నాన్నగారి గుర్తుగా బెండు కూడా కట్టుకోండి, అభ్యంతరం లేదు. కోడలిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆ అమ్మాయి భయంలో తప్పు లేదు.

శ్రోత: చాలా సంతోషం తల్లీ. ఇంకొక్కటి, మా ఇంటి బోరు నీళ్లు...

వ్యాఖ్యాత: అది మరోసారి మాట్లాడుకుందాం అండీ, ధన్యవాదాలు. హైదరాబాద్ నుంచి ఫోను.

శ్రోత (హైదరాబాద్): నమస్తే మేడమ్. మూసీని శుద్ధి చేస్తే మా పిల్లలు అందులో ఈదగలరా?

డాక్టర్: నగరం మధ్య వేసవిలో మూసీలో పారేది చాలావరకు ఇళ్ల నుంచి వచ్చిన నీరే. 1908 వరదల తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాన నీరు అక్కడ ఆగుతుంది. శుద్ధి చేసిన మురుగునీరు తోటలకు, గట్ల అందానికి సరిపోతుంది. ఈతకు పనికిరావాలంటే క్రిములను చంపే దశ కూడా ఉండాలి, పైనుంచి మంచినీరు పారాలి. నా మాట అడిగితే, ముందు వాసన పోనివ్వండి. ఈత మీ మనవల తరానికి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. విదేశం నుంచి ఒక ఫోను ఉంది. పారిస్ నుంచి, చదువుకుంటున్నారట.

శ్రోత (పారిస్): నమస్కారం డాక్టరు గారూ. ఇక్కడ సెన్ నదిలో 2025 జులైలో ఈతకు అనుమతి ఇచ్చారు. నేను దిగాను. నీళ్లు ఆకుపచ్చగా, మసకగా ఉన్నాయి. మా ఊరి గోదావరి ఇంతకంటే తేటగా ఉంటుంది. మరి వాళ్లది శుభ్రం, మనది కాదు అని ఎలా అంటాం?

డాక్టర్: నువ్వు అడిగిన దాంట్లోనే జవాబు ఉంది బాబూ. మసకగా ఉన్నా వాళ్లు దిగమన్నారు, ఎందుకు? రోజూ పరీక్ష చేస్తున్నారు కనుక. అక్కడ జెండా ఉంటుంది, చూశావా?

శ్రోత: చూశాను. వాన పడిన మర్నాడు ఎర్రజెండా కట్టి మూసేశారు.

డాక్టర్: అదే. అక్కడ 1923 నుంచి నిషేధం ఉండేది. దాదాపు 140 కోట్ల యూరోలు ఖర్చుపెట్టారు. వానకు పొంగే మురుగు నదిలో కలవకుండా ఆస్టర్లిట్జ్ స్టేషను దగ్గర భూమిలో 50 వేల ఘనపు మీటర్ల తొట్టి కట్టారు. అంత చేసినా 2024 ఒలింపిక్స్‌లో వానల వల్ల ఒక పోటీని మర్నాటికి వాయిదా వేశారు. ఒప్పుకుని వాయిదా వేశారు చూడు, అది నాకు నచ్చింది. మన రేవుల్లో కూడా ఎర్రజెండా కట్టే రోజు రావాలి. జెండా కడితే అవమానం అనుకుంటారు మనవాళ్లు. నువ్వు ఈదేటప్పుడు...

వ్యాఖ్యాత: లైను తెగిపోయినట్టుంది. సమయం తక్కువగా ఉంది, చివరి ఫోను తీసుకుందాం. ఎక్కడి నుంచమ్మా?

శ్రోత: పేరు వద్దండీ. మా అబ్బాయికి పన్నెండేళ్లు. స్నేహితులతో కలిసి కాలువలో దూకాడు. ఎనిమిది రోజులయింది. మోకాలు గీసుకుపోయి ఉంది అప్పటికే. మూడు రోజులుగా జ్వరం. పక్కన మందుల షాపులో మాత్రలు ఇచ్చారు, తగ్గడం లేదు. ఇంకెన్ని రోజులు చూడమంటారు?

డాక్టర్: ఒళ్లు నొప్పులు ఉన్నాయా? పిక్కలు ముట్టుకుంటే అరుస్తున్నాడా?

శ్రోత: అవునండీ. నడవలేకపోతున్నాడు.

డాక్టర్: కళ్లు ఎర్రగా ఉన్నాయా?

శ్రోత: ఉన్నాయి. కండ్లకలక అనుకున్నాం.

డాక్టర్: అమ్మా, ఇక చూడవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీరు గాయంలోంచి ఒంట్లోకి వెళ్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఇది అదో కాదో ఫోనులో తేల్చలేను, రక్తపరీక్ష చేయాలి. త్వరగా మొదలుపెడితే మామూలు మందులకే తగ్గుతుంది. ఆలస్యమైతే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇప్పుడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, ఎనిమిది రోజుల క్రితం కాలువలో దూకాడు, మోకాలికి గాయం ఉంది అని. ఈ రెండు మాటలు మరచిపోకండి. అబ్బాయి మూత్రం పోస్తున్నాడా?

శ్రోత: పొద్దుటి నుంచి తక్కువే...

డాక్టర్: ఫోను పెట్టేయండి. ఆటో పిలవండి. 108కి చేసినా సరే.

శ్రోత: వెళ్తున్నానండీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా, త్వరగా బయలుదేరండి. డాక్టరు గారూ, మీకు కూడా కృతజ్ఞతలు. వచ్చే వారం ఇదే సమయానికి...

డాక్టర్: ఒక్క నిమిషం. ఆ అబ్బాయితో పాటు దూకిన పిల్లలు ఎవరెవరో వాళ్ల తల్లిదండ్రులు ఈ కార్యక్రమం వింటుంటే, ఈ రాత్రే పిల్లల ఒళ్లు పట్టుకుని చూడండి.