కాంపాక్ట్ బోన్ గ్రౌండ్ సెక్షన్ స్లైడ్ రివ్యూ: ఆ నల్లమచ్చలు కణాలు కావు

నమస్తే అండి. ఇవాళ ఒకే ఒక్క స్లైడ్ చూద్దాం. కాంపాక్ట్ బోన్ (గట్టి ఎముక), గ్రౌండ్ సెక్షన్ (అరగదీసి చేసిన పలుచటి ముక్క), అడ్డకోత. ఫస్టియర్ ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ వాళ్లకు బాగా పనికొస్తుంది.

ముందు 4ఎక్స్‌లో పెడుతున్నా. ఒకదాన్నొకటి ఆనుకుని గుండ్రంగా ఉన్నాయి చూడండి, ఒక్కొక్కటి ఒక ఆస్టియాన్, అంటే గట్టి ఎముక కట్టుబడిలో ఒక యూనిట్. అడ్డంగా కొలిస్తే సుమారు 0.2 మిల్లీమీటర్లు. నడుమ ఉన్న రంధ్రం హావర్షియన్ కెనాల్. బతికున్న ఎముకలో రక్తనాళాలు, నరాలు దీంట్లోంచే వెళ్తాయి. 1691లో ఎముక మీద పుస్తకం రాసిన ఇంగ్లండ్ వైద్యుడు క్లాప్టన్ హావర్స్ పేరే దీనికి వచ్చింది. చుట్టూ ఉన్న వలయాలు లామెల్లాలు. రెండు కెనాల్స్‌ను కలుపుతూ పోయేది వోల్క్‌మన్ కెనాల్. దాని చుట్టూ వలయాలుండవు, అదే గుర్తు.

ఇప్పుడు 40ఎక్స్. కండెన్సర్ డయాఫ్రమ్ (కింది నుంచి వచ్చే వెలుతురును తగ్గించే భాగం) కొంచెం మూయండి, సన్నగీతలు తేలతాయి. ఈ స్లైడ్ కొనాల్సింది దీనికోసమే. కాళ్లు చాచిన సాలీడులా నల్లగా ఉంది కదా, అది లాక్యునా, అంటే ఎముక కణం ఉండే చిన్న గుంట. ఆ కాళ్లు కెనాలిక్యులై, అంటే సన్నటి కాలువలు. వైవాలో చాలామంది ఆ నలుపును ఆస్టియోసైట్ (ఎముక కణం) అనేస్తారు. కాదండి, అది గాలి! ఎండిన ఎముకను సన్నగా కోసి, వెలుతురు దూరేదాకా అరగదీస్తారు. కణం ఎప్పుడో పోయింది, అది ఉన్న ఖాళీలో గాలి చేరింది. ఈ ఒక్క గీత వెంటే వెళ్లండి, పక్క లాక్యునా నుంచి వచ్చిన గీతతో కలుస్తోంది. గట్టి ఖనిజంలోంచి పోషకాలు ఇంకలేవు, ఈ సన్నదారుల్లోంచే లోపలి కణాలకు అందాలి.

రెండు ఆస్టియాన్ల మధ్య ఇరుక్కున్న ఈ వంకర ముక్క చూడండి. ఇంటర్‌స్టిషియల్ లామెల్లాలు. పాత ఆస్టియాన్‌ను ఆస్టియోక్లాస్ట్‌లు (ఎముకను కరిగించే కణాలు) తొలిచేయగా మిగిలిన తునక ఇది. మనం పెద్దయ్యాక కూడా ఎముక లోపల ఈ పని ఆగదు. నాకైతే స్లైడ్ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

లోపం ఒకటుంది. కుడి అంచున మౌంట్ చేసేటప్పుడు బాల్సమ్ (స్లైడ్ అతికించే జిగురు) లోపలికి ఇంకి, కెనాలిక్యులై మాయమయ్యాయి. కొనేముందు 40ఎక్స్‌లో చూపించమని గట్టిగా అడగండి.

ఆస్టియోసైట్ న్యూక్లియస్, పెరియాస్టియం (ఎముక పైపొర) చూడాలంటే ఇది చాలదు. యాసిడ్‌తో కాల్షియం తీసేసి రంగు వేసిన స్లైడ్ కావాలి. కానీ దాంట్లో కెనాలిక్యులై ఇంత బాగా కనిపించవు. ఒక్కటే కొనగలిగితే మాత్రం గ్రౌండ్ సెక్షనే తీసుకోండి, రెండోది కాలేజీ ల్యాబ్‌లో అడిగి చూసుకోవచ్చు.