లివర్‌పూల్ 4, బోర్న్‌మత్ 2: కొత్త సీజన్ మొదటి రాత్రి, క్యారమ్ బోర్డు మీద రివ్యూ

అందరికీ నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి, మా మేడ మీద గదికి రేకుల కప్పు. వాన పడితే ఇలాగే ఉంటుంది.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ 2025-26 సీజన్ మొదలైంది. లీడ్స్ మ్యాచ్‌తో మొదటి రౌండ్ పది మ్యాచ్‌లూ అయిపోయాయి. నేను అన్నిటి గురించీ మాట్లాడను. నేను లివర్‌పూల్ అభిమానిని, నాకు ఆ మొదటి రాత్రే ఇంకా కళ్ల ముందు ఉంది. మిగతావి మధ్యలో రెండు ముక్కలు చెప్తాను.

మ్యాచ్ వీడియో పెడితే కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది. అందుకే ఇదిగో, మా ఇంట్లో క్యారమ్ బోర్డు. తెల్ల కాయిన్లు లివర్‌పూల్, నల్లవి బోర్న్‌మత్, రెడ్ కాయిన్ బాల్. కాయిన్లు తొమ్మిదేసే కదా, తక్కువైన ఇద్దరిద్దరికీ నీళ్ల సీసా మూతలు పెట్టాను. కాసేపట్లో దీని మీద మీకు ఒక ఖాళీ చూపిస్తాను. ఈ వీడియో మొత్తం ఆ ఖాళీ కోసమే అనుకోండి.

ముందు ఆ రాత్రి సంగతి. ఆగస్టు 15. మ్యాచ్ మన టైమ్‌లో రాత్రి 12:30కి, అంటే అప్పటికే తేదీ 16కి మారిపోయింది. తెల్లారితే కృష్ణాష్టమి. వాకిట్లో చిన్ని కృష్ణుడి పాదాలు వెయ్యడానికి అమ్మ బియ్యప్పిండి కలిపి పెట్టుకుని, పైకొచ్చి ఒకసారి తొంగి చూసింది. "ఏటిరా, ఇంకా పడుకోలేదా?" అంది. "ఈరోజు మొదటి మ్యాచ్ అమ్మా" అన్నాను. నా ఒంటి మీద జెర్సీ చూసి ఇంకేమీ అనలేదు. "గట్టిగా అరవకు, నాన్న లేస్తారు" అని కిందికి వెళ్లిపోయింది.

ఆ జెర్సీ ఇదే. కెమెరాకి దగ్గరగా పెడతాను, చూడండి. వెనకాల 20. ఇక్కడే ఊళ్లో ప్రింట్ వేయించాను. ఉతికినప్పుడల్లా ఈ 2 అంచు కొంచెం లేస్తుంది. అమ్మ దాని మీద పాత న్యూస్‌పేపర్ పరిచి ఇస్త్రీ చేస్తే మళ్లీ అతుక్కుంటుంది. ఇక్కడ చూడండి, పేపర్ మీది అక్షరాలు రెండు మూడు ఈ తెల్ల అంకె మీదకి దిగాయి. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

ఇది డియోగో జోటా నంబర్. 2020లో కరోనాకి కాలేజీ మూసేసినప్పుడు నేను ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టాను. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబర్‌లో జోటా వోల్వ్స్ నుంచి లివర్‌పూల్‌కి వచ్చాడు. ఆ నవంబర్‌లో అటలాంటా మీద 5-0 మ్యాచ్, జోటా హ్యాట్రిక్, మనకి అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి మొదలైంది. ఖాళీ స్టేడియం, జనం అరుపుల్లేవు. నేనూ ఇంట్లో ఒక్కడినే చూశాను. అప్పట్నుంచి నా ఆటగాడు అంటే జోటానే. జులై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదం. జోటా, తమ్ముడు ఆండ్రే సిల్వా ఇద్దరూ పోయారు. జోటాకి 28 ఏళ్లు. పెళ్లయి పదకొండు రోజులే. ఆ రోజు నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే అమ్మ వచ్చి "తెలిసినవాడా?" అని అడిగింది. అవునన్నాను.

అందుకే ఈ ఓపెనింగ్ మ్యాచ్‌ని నేను మామూలు మ్యాచ్‌లా చూడలేకపోయాను. లివర్‌పూల్ సొంత స్టేడియం ఆన్‌ఫీల్డ్ గ్యాలరీల్లో జనం కార్డులు ఎత్తిపట్టుకుని జోటా పేరులోని మొదటి అక్షరాలు, 20, తమ్ముడి పేరులోని మొదటి అక్షరాలు, అతని నంబర్ 30 పేర్చారు. మౌనం పాటించారు. ఇరవయ్యో నిమిషం రాగానే స్టేడియం అంతా జోటా పాట ఎత్తుకుంది. ఆట ఆగలేదు, ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు, చుట్టూ మాత్రం ఆ పాట. ఆ నంబర్ 20ని క్లబ్ ఇంక ఎవరికీ ఇవ్వదు. నేను జెర్సీ అంచు పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. నాకు బాల్ ఎక్కడుందో కూడా కాసేపు తెలియలేదు.

ఇక ఆట. 37వ నిమిషంలో మాక్ అలిస్టర్ ముందుకి తోసిన బాల్ డిఫెండర్‌కి తగిలి హ్యూగో ఎకిటికే ముందుకి వచ్చింది. అందులో కొంచెం అదృష్టం ఉంది. కానీ ఆ తర్వాత ఎకిటికే కాళ్లు చూడండి. తొందర లేదు. కీపర్ దగ్గరికి వచ్చేదాకా ఆగి, పక్కకి నెట్టేశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన కుర్రాడు, లీగ్‌లో మొదటి మ్యాచ్, ఆన్‌ఫీల్డ్‌లో అంత టెన్షన్ మధ్య ఆ నిదానం నాకు చాలా నచ్చింది. 49వ నిమిషంలో అతనే గాక్పోకి బాల్ ఇచ్చాడు. గాక్పో ఎప్పటిలాగే ఎడమ నుంచి లోపలికి కోసుకొచ్చి నేలబారుగా కొట్టాడు. 2-0. దిండు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాను.

ఇప్పుడు బోర్డు దగ్గరికి రండి. తెల్ల కాయిన్లు వెనక రెండు, వాన్ డైక్, కొనాటే. ఈ ఎడమ కాయిన్ కెర్కెజ్. పోయిన సీజన్ దాకా బోర్న్‌మత్‌లోనే ఆడాడు, ఇప్పుడు వాళ్ల మీదే ఆడుతున్నాడు. ఈ కుడి కాయిన్ ఫ్రింపాంగ్. ఇద్దరికీ పైకి పరిగెత్తడమే ఇష్టం. సరే, పైకి జరుపుదాం. మధ్యలో మాక్ అలిస్టర్, సోబోస్లాయ్. ఇద్దరూ మంచి ఆటగాళ్లే, కానీ ఇద్దరి చూపూ ముందుకే. వాళ్లనీ కొంచెం జరుపుదాం. విర్ట్జ్, సలా, గాక్పో, ఎకిటికే ఎలాగూ పైనే ఉంటారు. ఇప్పుడు చూడండి. వాన్ డైక్‌కి ముందు జానెడు చోటు, ఒక్క తెల్ల కాయిన్ లేదు. ఇదే ఆ ఖాళీ.

పోయిన ఏడాది ఈ చోట గ్రావెన్‌బెర్క్ ఉండేవాడు. లివర్‌పూల్ ఇరవయ్యోసారి లీగ్ గెలిచిందంటే ఈ ఒక్క కాయిన్‌ది అందులో పెద్ద వాటా అని నా గట్టి నమ్మకం. పోయిన సీజన్ ఆఖరి మ్యాచ్‌లో రెడ్ కార్డ్ పడటంతో ఈ ఓపెనింగ్‌కి నిషేధంలో ఉన్నాడు. అతని బదులు ఆ చోటు కాసేవాడిని కోచ్ స్లాట్ మొదట్లోనే పెట్టాల్సింది. అలాంటి ఆటగాడు ఎండో బెంచ్ మీదే ఉన్నాడు. రెండో సగంలో దింపారు, అది కూడా రైట్ బ్యాక్‌గా.

64వ నిమిషం. రెడ్ కాయిన్ ఇక్కడ పోయింది. బోర్న్‌మత్ వాళ్లు పరిగెత్తారు, బ్రూక్స్ అడ్డంగా కొట్టాడు, సెమెన్యో జారుతూ వచ్చి లోపలికి తోశాడు. 76వ నిమిషం, మళ్లీ సెమెన్యో. తన సగంలో బాల్ అందుకున్నాడు. ఇదిగో ఇక్కడ. ఇక్కణ్నుంచి నా వేలితో నల్ల కాయిన్‌ని జరుపుతున్నా, చూడండి, దారిలో ఏ తెల్ల కాయిన్ అయినా తగిలిందా? బాక్స్ అంచు దాకా ఒక్కడే వచ్చి కింద మూలకి కొట్టాడు. 2-2.

ఇది ఆ రాత్రి కొత్తగా వచ్చిన జబ్బు కాదు. అంతకుముందు ఆదివారం వెంబ్లీలో కమ్యూనిటీ షీల్డ్, అంటే సీజన్‌కి ముందు జరిగే ఒక్క మ్యాచ్ కప్పు, చూశాం కదా. క్రిస్టల్ ప్యాలెస్ మీద రెండుసార్లు ముందంజ, రెండుసార్లూ చేజారింది. చివరికి పెనాల్టీల్లో ఓడిపోయాం. వరసగా రెండు మ్యాచ్‌ల్లో నాలుగు గోల్స్ ఇచ్చాం. ఈసారి విర్ట్జ్‌కి బోనస్‌లు కాకుండానే 10 కోట్ల పౌండ్లు పెట్టారు. ఎకిటికే, ఫ్రింపాంగ్, కెర్కెజ్ వచ్చారు. అందరూ గోల్ వైపు ఆడేవాళ్లే. నాలుగు కొట్టే టీమ్‌ని చూడటం నాకూ ఆనందమే. కానీ 38 మ్యాచ్‌లు ప్రతిసారీ నాలుగు కొట్టి గెలవలేం. బోర్న్‌మత్ ఈ వేసవిలో తమ డిఫెన్స్‌లో ముగ్గురిని అమ్ముకుంది. హౌసెన్ మాడ్రిడ్‌కి, జబార్నీ ప్యారిస్‌కి, కెర్కెజ్ మనకి. అలాంటి టీమే మనల్ని ఇలా చీల్చింది. ఆర్సెనల్, మాంచెస్టర్ సిటీ ఆ ఖాళీని ఊరికే వదులుతాయా?

విర్ట్జ్ గురించి కామెంట్లలో అప్పుడే తీర్పులు రాస్తున్నారు. వద్దు. కొత్త ఊరు, కొత్త లీగ్. దసరా దాకా ఆగండి.

సెమెన్యో గురించి ఇంకో మాట చెప్పాలి, ఇది గోల్స్ కంటే ముఖ్యం. మొదటి సగంలో, అరగంట కూడా కాకముందే ఆట ఆగిపోయింది. గ్యాలరీలోంచి ఒకడు సెమెన్యోని రంగు పేరుతో తిట్టాడు. సెమెన్యో రిఫరీ ఆంథోనీ టేలర్‌కి చెప్పాడు. రిఫరీ ఇద్దరు కోచ్‌లనీ, కెప్టెన్లనీ పిలిచి మాట్లాడాడు. ఆ మనిషిని స్టేడియం నుంచి పంపేశారు, తర్వాత పోలీసులు అరెస్ట్ చేశారు. నా టీమ్ గ్రౌండ్‌లో, జోటా కోసం అందరూ నిలబడి మౌనం పాటించిన అదే రాత్రి. నాకు చాలా సిగ్గేసింది. ఆ మాట పడ్డ మనిషి తల వంచకుండా ఆడి రెండు గోల్స్ కొట్టాడు. అవి నా టీమ్ మీద పడ్డ గోల్స్ అయినా, అతనికి చేతులెత్తి దండం పెడతాను.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఆదివారం పొద్దున్న అయోధ్య మైదానంలో మేము ఆడుకుంటాం. మాతో ఒక కుర్రాడు ఆడతాడు, వింగ్‌లో గాలిలా పరిగెడతాడు. అతన్ని అందరం "కర్రోడా", అంటే నల్లోడా, అనే పిలుస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే పిలిచాను. అతను నవ్వుతాడు కాబట్టి తప్పు లేదనుకున్నాను. ఈ ఆదివారం పేరు పెట్టి పిలిచి బాల్ ఇచ్చాను. ఒక్క క్షణం ఆగి నా వైపు చూశాడు. బాల్ అతని పక్క నుంచి లైన్ దాటి పోయింది. అతని ఆ చూపు నాకు గుర్తుండిపోతుంది.

సరే, మ్యాచ్‌కి వద్దాం. 2-2 అవగానే మా వీధిలో కరెంటు పోయింది. వైఫై పోయింది. ఫోన్ డేటా మీద పెడితే బొమ్మ తిరుగుతూనే ఉంది. మా ఫ్రెండ్‌కి నాకంటే ముందే గోల్ వచ్చేస్తుంది, అందుకే నేను మెసేజ్ పెట్టేదాకా పెట్టొద్దని ఒప్పందం. ఆ చీకట్లో ఫోన్ ఒక్కసారి వణికింది. తెరిచి చూడలేదు. కానీ ఊరికే పెట్టడని తెలుసు. కాసేపటికి బొమ్మ వచ్చేసరికి బాల్ గాల్లో ఉంది, కియేజా వాలీ, 88వ నిమిషం. లీగ్‌లో లివర్‌పూల్ తరఫున అతనికి ఇదే మొదటి గోల్. పోయిన ఏడాదంతా బెంచ్ మీద కూర్చున్న మనిషి. తర్వాత అదనపు సమయంలో సలా, 4-2. "మావా, సలారా!" అని అప్పుడు మెసేజ్ పెట్టాను.

అంతా అయ్యాక సలా జనం ముందు నిలబడ్డాడు. జనం జోటా పాట మళ్లీ ఎత్తుకున్నారు. సలా చప్పట్లు కొడుతూ కొడుతూ ఆగిపోయి కళ్లు తుడుచుకున్నాడు. గెలిచిన ఆటగాడి ముఖం అలా ఉండటం నేను చూడలేదు. మన టైమ్ రెండున్నర దాటింది. కింద అమ్మ లేచిన చప్పుడు వినిపించింది.

మిగతా మ్యాచ్‌లు గబగబా. సండర్లాండ్ ఎనిమిదేళ్ల తర్వాత తిరిగొచ్చి వెస్ట్ హామ్‌ని 3-0తో కొట్టింది, రౌండ్‌లో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇదే. సిటీ వోల్వ్స్ మీద 4-0, హాలండ్ రెండు. ఆర్సెనల్ మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో కార్నర్ నుంచి కలాఫియోరి గోల్‌తో 1-0, బాగా ఆడకపోయినా గెలిచింది. చెల్సీ మీద ప్యాలెస్ ఆటగాడు ఎజె కొట్టిన ఫ్రీకిక్ గోల్ రద్దయింది. చాలామంది ఎందుకని అడిగారు. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది గోడ కడితే, కిక్ కొట్టే టీమ్ వాళ్లు ఆ గోడకి మీటరు దూరంలో ఉండాలి. గేహి అంతకంటే దగ్గరగా ఉన్నాడు. రూల్ రూలే. 2025-26కి కొత్తగా వచ్చిన ఇంకో రూల్, కీపర్ చేతిలో బాల్ ఎనిమిది సెకన్లు దాటితే అవతలి టీమ్‌కి కార్నర్. చివర్లో టైమ్ పాస్ చేసే కీపర్లకి ఇది మంచి మందు.

ఇంకొక్కటి చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఇంగ్లండ్‌లో సీజన్ మొదలైంది. మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌కి మాత్రం 2025 ఆగస్టులో ఈ వీడియో చేసేనాటికి తేదీ కూడా లేదు. నడిపే కంపెనీకి, ఫెడరేషన్‌కి మధ్య ఒప్పందం 2025 డిసెంబర్ 8తో అయిపోవాల్సి ఉంది, కొత్తది కుదరలేదని జులైలోనే సీజన్ పక్కన పెట్టారు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళని పెనాల్టీల్లో ఓడించి కప్పు ఎత్తింది. హైదరాబాద్ కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. తెలుగు పేరున్న టీమ్ దేశం మొత్తం మీద గెలిచిందని ఆ రాత్రి మేము నలుగురం గంటస్తంభం దాకా నడిచి వెళ్లాం. ఆ ఆటగాళ్లకి, ఆ స్టాఫ్‌కి జీతాలు ఎలా వస్తాయో, పిల్లలు ఎవరిని చూసి ఆడతారో ఎవరైనా ఆలోచించాలి. తొందరగా తేల్చండయ్యా.

తర్వాతి మ్యాచ్ న్యూకాజిల్ గ్రౌండ్‌లో. ఆగస్టు 25 సోమవారం అర్ధరాత్రి దాటాక 12:30కి. అక్కడ జనం గోల ఎలా ఉంటుందో తెలుసు, అక్కడి ఆటగాళ్లు పరిగెత్తే తీరూ తెలుసు. గ్రావెన్‌బెర్క్ నిషేధం అయిపోయింది. ఇదిగో, పెట్టెలోంచి ఇంకో సీసా మూత తీశాను. వాన్ డైక్‌కి ముందు, ఈ జానెడు చోటులో పెడుతున్నాను. మ్యాచ్ అయ్యేదాకా బోర్డు ఇలాగే మంచం కింద ఉంటుంది, కదపొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.