ముందు పరీక్ష, తర్వాతే ఆపరేషన్ మాట

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు చెప్పబోయేది ఇళ్లల్లో ఎవరూ నోరు విప్పి మాట్లాడని విషయం. యోనిని బిగుతు చేసే ఆపరేషన్ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు, అది తేల్చడానికి డాక్టర్లు ఏమేం చూడాలి అన్నది. పక్కన ఎవరైనా ఉన్నారని రేడియో సౌండు తగ్గించకండి. మోకాలి నొప్పి గురించి మాట్లాడుకున్నంత మామూలుగా మాట్లాడుకుందాం.

ఒకామె మా ఓపీకి వచ్చారు. వయసు 34. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. తెల్లబట్ట అవుతోందని చీటీ రాయించుకున్నారు. పరీక్షకు రమ్మంటే లేవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, నర్సు బయటికి వెళ్లేదాకా ఆగి, అప్పుడు ఫోను తీసి నా ముందు పెట్టారు. గంటలో అయిపోతుంది, నొప్పి ఉండదు, అదే రోజు ఇంటికెళ్లొచ్చు అని ఒక ప్రకటన. "డాక్టరమ్మా, ఇది నాకు చేయొచ్చా? వదులైపోయావని మా ఆయన అంటున్నారు" అన్నారు.

నేను అడిగిన మొదటి మాట: "ఆయన సంగతి తర్వాత చూద్దాం. నీకేం ఇబ్బందిగా ఉందమ్మా?" ఆమె చాలాసేపు ఆలోచించారు. ఆ ప్రశ్న ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు. చివరికి చెప్పారు, దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందని, కింద మంటగా ఉంటోందని.

ఆపరేషన్‌కు తగిన మనిషా కాదా అన్నది ఇక్కడే మొదలవుతుంది. రక్తపరీక్షలు ఆ తర్వాత సంగతి.

లోపల ఏముంటుందో చెబుతాను. ముందు వైపు ఎముక నుంచి వెనక తోకెముక దాకా ఉయ్యాల గుడ్డ కట్టినట్టు కండరాలు ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలద్వారం పైభాగం, అన్నీ వాటి మీదే ఆనుకుని ఉంటాయి. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఆ కండరాలు బాగా సాగుతాయి. చాలామందికి కొన్ని నెలల్లో చాలావరకు మళ్లీ సర్దుకుంటాయి. దాంపత్యం వల్ల వదులు కావడం అనేది ఉండదు. బిగుతును బట్టి స్త్రీ నడవడిక చెప్పడం అసలు శాస్త్రమే కాదు. అత్యాచార బాధితులకు యోనిలో వేళ్లు పెట్టి బిగుతు చూసే రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని, ఇంకా ఎవరైనా చేస్తే తప్పు కిందే లెక్క అని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో గట్టిగా చెప్పింది కూడా. అయినా ఆ అపోహ పడకగదుల్లో ఇంకా బతికే ఉంది.

ఆమెను పరీక్ష చేశాం. దగ్గమన్నాం. రెండు చుక్కలు మూత్రం పడింది. గర్భసంచి జారలేదు. పాత కుట్లు బాగానే అతుక్కున్నాయి. "మూత్రం మధ్యలో ఆపుకుంటున్నట్టు లోపల బిగించమ్మా" అంటే, ఊపిరి బిగబట్టి పొట్టా తొడలూ బిగించారు. చాలామంది అలాగే చేస్తారు. మూడోసారికి అసలు కండరం కదిలింది, కానీ నీరసంగా ఉంది. ఇక ఆ మంట? ఎవరో చెప్పారని నాలుగు నెలలుగా పటిక నీళ్లతో లోపల కడుక్కుంటున్నారట. పటికకు చర్మం బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ అది తేమను లాగేస్తుంది, పైపొరను చికాకు పెడుతుంది, పుండు చేస్తుంది. దయచేసి పటిక వాడకండి. బిగుతు చేస్తాయని చెప్పి అమ్మే జెల్లులు కూడా వద్దు.

ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదు. కండరాల వ్యాయామం కావాలి. దాన్ని 1948లో అమెరికా డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్ వైద్య పత్రికలో వివరించారు, అందుకే కెగెల్ వ్యాయామం అంటారు. లోపలి కండరాన్ని బిగించి కొన్ని సెకన్లు ఆపి వదలాలి. అలా పూటకు 8 నుంచి 10 సార్లు, రోజుకు మూడు పూటలా, కనీసం 3 నెలలు. కండరం ఏదో తెలుసుకోవడానికి ఒకసారి మూత్రం ఆపి చూడొచ్చు గానీ, రోజూ మూత్రం పోసేటప్పుడు చేయకూడదు.

మరి ఆపరేషన్ నిజంగా ఎవరికి? కాన్పులో చీలి సరిగా అతకనివాళ్లకు. గ్యాసు, విరేచనం ఆపుకోలేనివాళ్లకు. యోని వెనక గోడ ముందుకు ఉబ్బి, మలం పోవాలంటే వేలితో నొక్కుకోవాల్సి వచ్చేవాళ్లకు. వీళ్లకు లోపలి వదులు పొర కొంత తీసి, విడిపోయిన కండరాలను దగ్గరకు లాగి కుట్టే ఆపరేషన్ మేలు చేస్తుంది. నా బాధంతా ఏమిటంటే, అవసరం లేనివాళ్లు ప్రకటన చూసి తొందరపడుతున్నారు, అవసరమైనవాళ్లు సిగ్గుతో ఇంట్లో గుడ్డ కట్టుకుని కూర్చుంటున్నారు. వాళ్లు వచ్చేసరికి "గర్భసంచి తీసేయండి" అనే స్థితికొస్తారు. మన దగ్గర అది ఎంత తేలికైపోయిందో చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం.

ఇక ఆపరేషన్ అనుకున్నాక చూడాల్సినవి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆగాలి, మళ్లీ మామూలు కాన్పయితే ఆ కుట్టు దెబ్బతినవచ్చు. కాన్పయి కనీసం 6 నెలలైనా గడవాలి. బిడ్డకు పాలిస్తున్నప్పుడు ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గి లోపల పొడిబారుతుంది, ముట్లుడిగాక కూడా అంతే. ఆ పొడికి మందు వేరే ఉంది. కలయికలో నొప్పి ఉన్నవాళ్లకు ఇంకా బిగించి కుడితే నొప్పి పెరుగుతుంది, ముందు ఆ నొప్పి ఎందుకో తేల్చాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు అసలు వద్దు.

రక్తంలో హిమోగ్లోబిన్ చూడటం ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. 2019-21 సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. షుగర్ అదుపులో లేకపోతే కుట్లు మానవు, చీము పడతాయి. అందుకే మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించాలి. బీపీ, రక్తం గడ్డకట్టే తీరు, మూత్రపరీక్ష, గర్భపరీక్ష, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ ఉండాలి. తెల్లబట్ట, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాలి. గుండెకు యాస్పిరిన్ వాడుతుంటే చెప్పి తీరాలి, కానీ మీ అంతట మీరు ఆపకండి. ఆస్తమా దగ్గు, ఎప్పుడూ ఉండే మలబద్ధకం కూడా చెప్పండి. ముక్కిన ప్రతిసారీ కొత్త కుట్టు మీదే బరువు పడుతుంది.

లేజర్ సంగతి చాలామంది అడుగుతారు, కోత లేదు కదా అని. ఇలాంటి వాడకానికి లేజర్, రేడియో తరంగాల యంత్రాలకు తాము అనుమతి ఇవ్వలేదని, మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2018 జులైలో హెచ్చరించింది. కాలడం, మచ్చకట్టడం, కలయికలో నొప్పి, మానని నొప్పి వస్తున్నాయని చెప్పింది. ఆపరేషన్‌లోనూ రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, స్పర్శ తగ్గడం, మరీ బిగుసుకుపోవడం, అరుదుగా మలద్వారానికి రంధ్రం పడటం ఉంటాయి. దాదాపు 6 వారాలు కలయిక, బరువులెత్తడం ఉండకూడదు. ఇవేవీ చెప్పకుండా అదే రోజు సంతకం పెట్టమంటే లేచి వచ్చేయండి.

ఒక మాట డాక్టర్లకు కూడా. భర్త, అత్తగారు గదిలో ఉండగా "నీకిది ఇష్టమేనా" అని అడిగితే ఏ అమ్మాయీ నిజం చెప్పదు. పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి. ఆమెకు ఇష్టం లేదని తెలిస్తే, ఎన్ని పరీక్షలు బాగున్నా ఆమె ఆపరేషన్‌కు తగిన మనిషి కాదు.

మా ఓపీకి వచ్చిన ఆ తల్లి మూడో నెల మళ్లీ వచ్చారు. మంట తగ్గింది. తుమ్మితే మూత్రం పడటం లేదు, గట్టిగా దగ్గితే మాత్రం ఎప్పుడైనా ఒక చుక్క. ఈసారి భర్తను తీసుకొచ్చారు. కాన్పులో ఆమె ఒంటికి ఏం జరిగిందో బొమ్మ గీసి చూపించాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మీ ఊరి ఆసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లినప్పుడు నోట మాట రాకపోతే, చీటీ వెనక "కింద ఇబ్బంది" అని రెండు మాటలు రాసివ్వండి. మిగతాది మేం అడుగుతాం. నమస్కారం.